ట్రెబుల్ భూమయ్య

కోరుట్లల భూమయ్య ఇల్లు ఏదని అడిగితె ఎవ్వలు చెప్పరు. భూమయ్యలు మస్తుమంది ఉన్నరు. ట్రెబుల్ భూమయ్య అని అడగాలె. అప్పుడు చాయ్ దుకాణపోడు గుడ చెయ్యి వట్టుకొని తెచ్చి మా గల్మల దింపుతడు. గా ట్రెబుల్ భూమయ్యనే నా మొగడు. ఇప్పుడు గా పేరు పెట్టి పిలిస్తె పలుకుతలేడు. మొన్న ఒకాయన ఎక్కడికెల్లో పాత రేడియో సంకల వెట్టుకొని అచ్చిండు. ట్రెబుల్ భూమయ్య ఇల్లు గిదేనా అని అడిగిండు. మా ముసలోడు మంచం మీద గోడ దిక్కు మొకం జేసి పండుకున్నడు, మెదలలే. నేనే లేచి, ఆయన పని ఇడిసిపెట్టిండు కొడుకా, ఇంకో దగ్గర చూసుకో అని తోలిచ్చిన.

ఎందుకు ఇడిసిపెట్టిండో చెప్త. మనసుల పెట్టుకొని కుములుడు నాకు చాతగాదు. బీడీల చాట ఒళ్లె వెట్టుకున్ననంటె చేతుల పని చేతులు జేస్తయి, నోటి పని నోరు జేస్తది. అది నా గుణం, ఎవలేమనుకున్నా సరే.

ట్రెబుల్ అంటె ఏందని నన్ను అడుగున్రి, పెండ్లయినకాడికెల్లి గదే ఇంటున్న. రేడియోల లావు సప్పుడు ఒకటుంటది, సన్న సప్పుడు ఒకటుంటది. లావుదాన్ని బాస్ అంటరు, సన్నదాన్ని ట్రెబుల్ అంటరు. డోలు సప్పుడు బాసు, సైకిల్ బెల్లు ట్రెబులు. మనిషి మాటల రెండూ ఉంటయట. ట్రెబుల్ పోయిన రేడియోల ఎవలో మాట్లాడుతున్నరని ఎరుకైతది గని, ఏం మాట్లాడుతున్నరో ఎరుక గాదు. మెత్తగ ఉడికిన అన్నం లెక్క ముద్దైపోతది, మెతుకుకు మెతుకు ఇడివడది అని మా ముసలోడు చెప్తుండె. పాత వాల్వు రేడియోలకు గిదే రోగం. లోపలి కండెన్సర్లు చెడిపోతయి, స్పీకర్ల కాయితం తేమ వట్టి బరువెక్కుతది, ట్రెబుల్ అంతా డబ్బలనే మునుగుతది. మునిగినదాన్ని పైకి తీసుడే మా ముసలోని పని.

ఒక సాయిబు దగ్గర చిన్నప్పుడు నేర్చిండు. తర్వాత రేడియోలు పోయినయి, టేపులు పోయినయి, అందరు సెల్‌ఫోన్ల వడ్డరు. అయినా మా ముసలోని బల్ల ఖాళీగలేదు. ఈ నడుమ పైసలున్నోళ్లకు పాత రేడియోల మీద పానం లేసింది గదా, అటక మీదికెల్లి దింపి దులిపి తెస్తున్నరు. పెండ్లిళ్లల్ల మైకులు పెట్టెటోళ్లు గుడ జర ఒక్కసారి చెవి పెట్టు కాకా అని పిలుచుకపోతుండిరి. నేను అన్నం తిన రమ్మని గొంతు పోంగ పిలిస్తె ఇనపడది గని, గోడ అవతల ఎవలింట్లనో టీవీల ట్రెబుల్ తక్కువైతె ఇనపడుతది. మస్తు గీర ఉండె. నా చెవి తప్పదు అని నలుగుట్ల అంటుండె. ఒద్దయ్యా, గంత మాట అనకు అని నేను అంటనే ఉండేదాన్ని.

మాకు ఒక్కతే బిడ్డ, పద్మ. సిరిసిల్లల ఇచ్చినం. అల్లుడు సుదర్శన్ సాంచాలు నడుపుతడు, అంటే కరెంటుతోటి గుడ్డ నేసే మగ్గాలు. మంచోడు, నోట్ల నాలుక లేనోడు. సాంచాల షెడ్డు వెనుకనే వాళ్ల అర్ర. నేను మొదటిసారి పోయిన్నాడు, ఇదేం సప్పుడు తల్లీ, ఇండ్ల మనుషులు ఎట్ల బతుకుతరు అన్న. గోడ మీద చెయ్యి పెడితె గోడ వణుకుతది. నీళ్ల చెంబు దానంతటదే జరుగుతది.

సాంచాల కాడ పని జేసెటోళ్లకు ఒక అలవాటుంటది. ఎంత అరిచినా పక్కోనికి ఇనపడది గదా, అందుకని అరవనే అరవరు. గొంతు బయటికి తీయకుంట పెదవులు మంచిగ మెదిలిచ్చి మాట్లాడుతరు. అవతలోడు పెదవులు జూసి అందుకుంటడు. దారం తెగింది, సేటు అచ్చిండు, చాయ్‌కి పోదామా, అన్నీ గట్లనే. ఇంటికచ్చినా గా అలవాటు పోదు. మా పద్మ గుడ నేర్చింది. మొగడు పెండ్లాం కొట్లాడుకున్నా సప్పుడు లేకుంటనే కొట్లాడుకుంటరు. నాకైతె నవ్వచ్చేది. మీ కొట్లాట ఇనబుద్దైతంది, జర గట్టిగ కొట్లాడున్రి అని ఎక్కిరిచ్చేదాన్ని.

వాళ్లకొక ఆడపిల్ల, సింధూజ. మా పానాలన్నీ దానిమీదనే. ఏడాది నిండినంక దానికి పెద్ద జ్వరమచ్చింది. దవఖానల పెట్టిన్రు, సూదుల మీద సూదులిచ్చిన్రు. ఇగ దక్కదనుకున్నం, దక్కింది. బతికింది, గదే సాలు అని దేవునికి మొక్కినం. గా జ్వరం సంది పోరి జర వేరే తీరయింది గని, మాకెవ్వలకు సమజ్ గాలే. ఎవలు మాట్లాడినా వాళ్ల గడ్డం వట్టుకొని మొకం తన దిక్కు తిప్పుకునేది. ఎంత ముద్దుగ తిప్పుకుంటదో అని మేం మురిసేది. తన పేరు సింధు అనుమంటె ఇందు అనేది. చాయ్‌ని ఆయ్ అనేది. చిన్న నాలుక, తిరుగుతలేదు, అదే తిరుగుతది అనుకున్నం. ఏదన్న మాట సాపుగ అన్నదంటె తాత చప్పట్లు కొట్టి జేబులకెల్లి బిస్కిటు తీసిచ్చెటోడు. మాట అనుడు, జేబు దిక్కు చూసుడు, గదొక ఆట వాళ్లిద్దరికీ.

మొదలు అనుమానమచ్చింది సుదర్శన్‌కే. ఒకనాడు సిరిసిల్లల కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కపారే ఆగినయట. గంత సప్పుడు ఆగితె చెవులు ఖాళీ అయినట్టుంటది. పోరి అర్రల తండ్రి దిక్కు ఈపు వెట్టి ఆడుకుంటంది. సింధూ అని గుసగుసగ పిలిచిండు, తిరుగలే. మళ్ల పిలిచిండు, తిరుగలే. చెంచతోటి గిన్నె మీద కొట్టిండు, తిరుగలే. కాలుతోటి నేల తన్నితె తిరిగింది. తండ్రి పెదవులు మెదిలిచ్చి అన్నం తింటవా అంటె, ఆ అని ఉరికచ్చింది.  ఇన్నొద్దులు బిడ్డ తమ మాట ఇంటున్నదనుకున్నరు. అది ఇంటలేదు, చూస్తున్నది.

అంగన్‌వాడి టీచర్ గుడ గదే అన్నదట, మొకం జూస్తెనే పలుకుతది, ఎనుకకెల్లి పిలిస్తె పలుకది అని. ఇగ ఆగలే, మొగడు పెండ్లాం పోరినెత్తుకొని మా ఇంటికచ్చిన్రు. జగిత్యాలల చెవుల డాక్టరున్నడట మామా, రేపు చూపిద్దాం, నువ్వు గుడ రా అని అల్లుడు మెల్లగ అన్నడు. మా ముసలోడు చేతిలున్న పని బల్ల మీద పెట్టిండు. మొకమంత ఎర్రగయింది. నా మనవరాలికి చెవుడా అన్నడు. తన చెవులకే ఏదో అంటు అంటిచ్చినట్టు అనుకున్నడు. డాక్టరెందుకు, నేను లేనా, ఇప్పుడే చూస్త అన్నడు.

గప్పుడు బల్ల మీద జగిత్యాల భాస్కర్ రావు దొర రేడియో ఉండె. దొర వాళ్ల నాయిన కొన్నదట. పెద్ద చెక్క డబ్బ, ముందట పసుపు రంగు గుడ్డ. దాన్ల హైదరాబాద్ స్టేషన్ పెట్టుకొని వాళ్ల నాయిన లెక్కనే పడక్కుర్చీల కూసోని ఇనాలెనని దొర ముచ్చట. దాని ట్రెబుల్ మొత్తం పోయింది. గొంగడి కప్పుకొని మాట్లాడినట్టుందని దొర పెండ్లాం సునందమ్మ అన్నదట. మా ముసలోడు అప్పటికింకా దాన్ని ముట్టలే. మోగుతుంది, చేతి కిందుంది, అందుకని గా డబ్బనే పోరికి పరీక్ష పెట్టిండు.

పోరిని నా ఒళ్లె కూసుండవెట్టిండు, మొకం వాకిలి దిక్కు, ఈపు రేడియో దిక్కు. సప్పుడు బాగ తగ్గిచ్చి పెట్టిండు. ఎవలో మొగాయన మాట్లాడుతుండు, నాకే సరిగ ఇనపడుతలేదు. పోరి గిర్రున ఎనుకకు తిరిగింది. బంద్ చేసి, జర ఆగి, మళ్ల పెట్టిండు. మళ్ల తిరిగింది. ఎన్నిసార్లు పెడితె అన్నిసార్లు తిరిగింది. ఒళ్లెకెల్లి దిగి ఉరికి, డబ్బకు చెంప ఆనిచ్చి కిలకిల నవ్వింది. మా ముసలోడు అల్లుని దిక్కు జూసిన చూపు నాకింకా యాదికున్నది. ఎలక్షన్ల గెలిచినోడు గుడ గట్ల చూడడు.

“అల్లుడా, ఈ చెవి ఎన్ని డబ్బలను బాగు జేసిందో నీకెరుక లేదు. పోరి చెవులు బంగారం లెక్కున్నయి. నా మాట మీద నమ్మకం లేకుంటె, పో, డాక్టర్ కాడికే పో” అన్నడు.

మామ మాట మీద నమ్మకం లేదని ఏ అల్లుడంటడు? సుదర్శన్ తల వంచుకున్నడు. పద్మ మొకమైతె దీపం పెట్టినట్టయింది. ఆడపిల్లకు చెవుడని పేరువడితె ఎట్లనే అమ్మా అని సిరిసిల్ల కాడికెల్లి కోరుట్ల దాక బస్సుల ఏడ్చుకుంటనే అచ్చిందట. పోయేటప్పుడు నవ్వుకుంట పోయింది. జగిత్యాల ముచ్చట గక్కడికే సరి.

గట్ల ఏడాది దాటింది. మళ్ల అంగన్‌వాడి టీచర్ ఏదో అంటె, మా నాయిన చూసిండు, మా నాయినకన్న నీకెక్కువ తెలుసా అని పద్మ ఆమెతోటి లొల్లి వెట్టుకున్నది. బతుకమ్మకు అచ్చినప్పుడు సుదర్శన్ ఇంకోసారి జగిత్యాల పేరెత్తిండు. మా ముసలోడు తింటున్న కంచం ముందలికెల్లి లేచిపోయిండు. పండుగ పూట అన్నం ఇడిసిపెట్టి పోతె ఇగ ఎవలు మాట్లాడుతరు? పోరికి కొత్త మాటలు రాకపాయె. అచ్చిన మాటలు గుడ అంచులరిగి మొండిగయితున్నయి. అమ్మ, మామ, నాన, గివి మంచిగంటది, మిగిలినయన్నీ ఊఁ ఆఁ అన్నట్టే.  ఇగో, పోరి మాట ఎనుకకు పోతున్నదయ్యా, నాకు భయమైతంది అని అంటె, నీకేం తెలుసు, నీ ఆకు తంబాకు నువ్వు చూసుకో అనెటోడు. చెవుల ముచ్చటల ఆయన మాటకు ఊర్లనే ఎదురులేదు, ఇంట్ల ఎక్కడికెల్లి ఉంటది?

గా ఏడాదంత దొర రేడియో గుడ ఆయనను సతాయిచ్చింది. బాగైందని జగిత్యాల తీస్కపోతడు, దొర వారం రోజులు ఇని ఫోన్ జేస్తడు. సప్పుడొస్తుంది భూమయ్యా, మాట తెలుస్తలేదు అంటడు. మళ్ల పోయి మోసుకొస్తడు. స్పీకర్ మార్చిండు, వాల్వులు ఎక్కడెక్కడికెల్లో తెప్పిచ్చిండు, లోపలి కాయిల్స్ తిప్పి తిప్పి చూసిండు. మళ్ల గదే ముచ్చట. సప్పుడొస్తుంది, మాట తెలుస్తలేదు. గా ముక్క ఏడాది పొడుగుత మా ఇంట్ల ఇనపడుకుంటనే ఉన్నది. పోరి గా రేడియో ముందటనే ఆడుకుంట ఉన్నది. మాలో ఒక్కలకన్న తట్టిందా? తట్టలే. మా తలకాయలల్ల మన్నువడ్డది.

ఈ ఎండాకాలం పద్మ పోరిని తీసుకొని నాలుగొద్దులుండి పోతనని అచ్చింది. ఒకనాడు మాపటీలి, పొద్దుగూకి స్టేషన్ మంచిగ అందే యాల్లకు, మా ముసలోడు ఒక పాడువడ్డ రేడియోలకెల్లి తీసిన కండెన్సర్ దొర రేడియోకు అతికిచ్చిండు. రోగం గాడనే ఉన్నదట, ఇన్నొద్దులు దొరకలే. పెట్టంగనే డబ్బ గొంతు మారింది. వార్తలు చదివే ఆమె మా ఇంట్లకే అచ్చి కూసున్నట్టయింది. మాటకు మాట ఇడివడ్డది. బీడీ చుట్టుకుంట నేనే తలెత్తి చూసిన. అచ్చిందే పోచీ, ట్రెబుల్ అచ్చింది అని నా దిక్కు జూసి చిన్న పిలగాని లెక్క ఎగిరిండు. పోరిని పిలిచి పక్కకు కూసుండవెట్టుకున్నడు. అది ఎప్పటి లెక్కనే అరచెయ్యి డబ్బకు ఆనిచ్చింది.

పని అయినంక ఆయన చివరికొకటి చేస్తుండె. స్పీకర్ తీగెల నడుమ ఒక చిన్న కండెన్సర్ పెడితె లావు సప్పుడు ఆగిపోతదట, సన్న సప్పుడు ఒక్కటే అవతలికి పోతదట. గట్ల పెట్టి, ట్రెబుల్ ఒక్కదాన్నే ఇని, ఎక్కడన్న గరగర ఉన్నదా అని చూసుకుంటడు. గప్పుడు గుడ గట్లనే పెట్టిండు, సప్పుడు బాగ పెంచిండు. అమ్మో, పలక మీద మేకుతోటి గీకినట్టు ఒకటే సుయ్యిమని పొడుస్తంది. నేను చాట పడేసి చెవులు మూసుకున్న. పద్మ అర్రలకెల్లి, బంద్ చెయ్యి నాయినా, చెవులు పోతున్నయి అని మొత్తుకున్నది.

పోరి డబ్బ మీదికెల్లి చెయ్యి తీసింది. తాత మొకం జూసింది.

“ఆఆ, బం ఐంది” అన్నది, తాతా, బందైంది అని.

మా ముసలోడు మొదలు నవ్విండు. తర్వాత నవ్వు ఆగింది. చిన్న కండెన్సర్ తీసిండు. పోరి మొకం ఎలిగింది, చెయ్యి మళ్ల డబ్బకు ఆనిచ్చింది. కండెన్సర్ పెట్టిండు, డబ్బ ఒర్లుతనే ఉన్నది, పోరి చెయ్యి తీసి ఖాళీ మొకంతోటి కూసున్నది. తీసిండు, పెట్టిండు, తీసిండు, పెట్టిండు. ఇగ చాలయ్యా, ఏం జేస్తున్నవ్ అని నేను లేచిన.  ఆయన కన్నీళ్లు గడ్డం మీదికి కారుతున్నయి, తుడుచుకునే సోయి లేదు. ఆయన ఏడుసుడు నేను గంతకుముందు ఎన్నడూ చూడలే.

“ఆనాడు గీ డబ్బల ట్రెబులే లేకుండె పోచీ” అన్నడు. “లావు సప్పుడుకు తిరిగింది పోరి. లేని ట్రెబుల్‌ను ఇన్నదని నేను చెప్పిన. అల్లునికి ఫోన్ చెయ్యి.”

నాకు ఒళ్లు మండిపోయింది, చెప్పొద్దు? ఊరందరి డబ్బలల్ల ట్రెబుల్ పోయిందని చెప్పెటోనివి, ఇంట్ల పోరి చెవులల్ల పోయిందని చెప్పకపోతివి గదయ్యా అని నోటికచ్చినట్టు తిట్టిన.  పద్మ పోరిని గుంజుకొని రొమ్ముకు అదుముకున్నది. పోరి తల్లి గడ్డం వట్టుకొని ఏమైందన్నట్టు మొకం తిప్పుకుంటంది.

తెల్లారి అందరం జగిత్యాల పోయినం. సుదర్శన్ సిరిసిల్లకెల్లి సీదా గాడికే అచ్చిండు. మా ముసలోడు రేడియోను గుడ ఎత్తుకున్నడు, పొయ్యేతొవ్వల దొర ఇంట్ల పెట్టి అచ్చిండు. గప్పుడు రేడియో ఎందుకయ్యా అంటె, నా కండ్ల ముందట ఉండొద్దది అన్నడు.

దవఖానల పోరిని ఒక అద్దాల అర్రల కూసుండవెట్టి చెవులకు డబ్బలు పెట్టిన్రు. సప్పుడు ఇనపడ్డప్పుడల్లా గిన్నెల ఒక పూస వెయ్యాలె అని మిషన్ కాడి పిల్ల చేతులతోటి చేసి చూపిచ్చింది. మేం బయటికెల్లి అద్దంలకెల్లి చూస్తున్నం. మొదలు పూసలు ఒకదాని ఎనుక ఒకటి పడ్డయి. అవి లావు సప్పుడులని మా ముసలోడు గొణిగిండు. తర్వాత పోరి పూస పట్టుకొని గా పిల్ల మొకం చూసుకుంట కూసున్నది. పిల్ల మిషన్ తిప్పుతనే ఉన్నది. పూస పడలే. పద్మ అద్దానికి చెయ్యి ఆనిచ్చి, వెయ్యవే, వెయ్యవే బిడ్డా అని లోపల్లోపల అంటంది. పోరి చివరికి పూసను నోట్ల పెట్టుకోబోయింది, గా పిల్ల తీసేసుకున్నది.

డాక్టర్ ఒక కాయితం చూపిచ్చిండు. దాని మీద గీత జర దూరం సాపుగ పోయి, బాయిల దిగినట్టు కిందికి దిగింది. సన్న సప్పుడు రెండు చెవులల్ల పోయింది, నడిమి సప్పుడు గుడ పోతున్నది అన్నడు. జ్వరంతోటి పోయిందో, సూదులతోటి పోయిందో, ఇప్పుడు చెప్పలేమన్నడు. చెవి మిషన్ పెడుదాం గని, ఉన్నదాన్ని పెద్దగ చేస్తదది, లేనిదాన్ని ఎక్కడికెల్లి తెస్తది అన్నడు. ఆపరేషన్ ముచ్చట హైదరాబాద్ పోయి అడగాలెనట. ఏం జేసినా మాటలు పూర్తిగ వస్తయని నేను చెప్పలేను, మాట మెదడుల నాటుకునే వయసు చేతులకెల్లి జారిపోతున్నది అన్నడు. మొదలు అనుమానం ఎప్పుడచ్చింది అని అడిగిండు. ఏడాది మీదనే అయింది సార్ అన్నడు సుదర్శన్. మరెందుకు తేలేదు, అప్పుడే మిషన్ పెడితె ఇప్పటికి ఎన్నో మాటలు నేర్చేది గదా అన్నడు డాక్టర్.   మా ముసలోడు పోరినెత్తుకొని బయటికి నడిచిండు.

బయట బల్ల మీద కూసున్నం, కాయితాల కోసం. నిండ జనం. మా ముసలోని ఒళ్లె పోరి, ఎదురుంగ సుదర్శన్. గప్పుడే ఫోన్ మోగింది, భాస్కర్ రావు దొర. ఆయన మాట ఫోన్లకెల్లి మాకు గుడ ఇనపడుతంది. భూమయ్యా, ఏం చేసినవయ్యా, అక్షరం అక్షరం ఇనపడుతంది, సునంద గుడ మెచ్చుకుంటంది, కోరుట్లల నీ అసొంటి చెవి ఇంకొకటి లేదు అంటుండు. మా ముసలోడు మంచిది సార్ అన్నడు. ఫోన్ జేబుల పెట్టుకోబోతె కిందవడ్డది, తీసుకోలే. నేనే వంగి తీసిన.

సుదర్శన్ గుడ గిదంత ఇన్నడు. గట్టిగ మాట్లాడుడు వాని గుణం గాదు, పెద్దోళ్ల ముందట అసలే గాదు. పోరి నెత్తి మీదికెల్లి మామను చూసిండు.  తర్వాత సాంచాల కాడ మాట్లాడినట్టు, గొంతు బయటికి తీయకుంట, పెదవులు మెదిలిచ్చిండు. మేం కోరుట్లోళ్లం, మాకా పెదవుల మాట రాదు. ఏదో అన్నడని మాత్రం ఎరుకైంది. ఏమన్నవ్ అల్లుడా అని అడిగిండు మా ముసలోడు. ఏం లేదు మామా అని సుదర్శన్ మొకం పక్కకు తిప్పుకున్నడు. పద్మ చూసింది గావచ్చు, కొంగు నోట్ల కుక్కుకున్నది.

పోరి గుడ చూసింది. తండ్రి పెదవులనే చూసుకుంట కూసున్నది గదా. ఒళ్లె ఇటు తిరిగి, రెండు చేతులతోటి తాత గడ్డం వట్టుకొని మొకం తన దిక్కు తిప్పుకున్నది.

“నీ వల్లనే మామా” అన్నది.

అమ్మ, మామ లెక్క అన్నీ లావు అచ్చరాలే, ఒక్కటి అరగలే, ఒక్కటి జారలే. బల్లల మీది జనం గుడ తిరిగి చూసిన్రు. తాతను మామా అని దానికి ఎవలు నేర్పిన్రు? తండ్రి పెదవుల మీద ఉన్నది ఉన్నట్టు తెచ్చి తాతకు ఇచ్చింది. అదేందో దానికి తెల్వది, మాట మాత్రం పూర్తిగచ్చింది. సుదర్శన్ లేచి గోడ దిక్కు పోయి నిలవడ్డడు. నేను మా ముసలోని భుజం మీద చెయ్యి ఏసిన, ఆ భుజం చెక్క లెక్కయింది.

పోరి నవ్వుకుంట తాత జేబు దిక్కు చూస్తంది. మాట సాపుగ అన్నది గదా. మా ముసలోడు చప్పట్లు కొట్టబోయిండు, చేతులు కలువలే. జేబుల చెయ్యి పెట్టి బిస్కిటు తీసి దాని చేతుల పెట్టిండు.